గాలి కొట్టు యంత్రము మన యింట నుండవలెనా?

దేవాసుర యుద్ధమున దశరథుని రథచక్రపు శీల యూడిపోగా, ప్రక్కనున్న కైకేయి తన చేతినే శీలగా నుంచి రథమును నిలిపె నని పౌరాణికులు చెప్పుదురు. తరువాత నామె కోరిన వరములను లోకము నిందించినది గాని, చక్రమును నిలిపిన యా చేతిని మాత్ర మెవ్వరును నిందింపలేదు. బండిచక్రముల సంగతి పురుషులదే యనుకొను సోదరీమణులకు ఈ కథను జ్ఞాపకము చేయుట మంచిది. నేడు మనలో ననేకులు రథములో కూర్చుండు వారు మాత్రమే కారు, సారథులును. బిడ్డలను బడికి దింపుట, అంగడికి పోవుట, కొలువునకు పోవుట, ముసలివారిని వైద్యుని యొద్దకు గొనిపోవుట, ఇవన్నియు స్కూటరు మీదనో కారులోనో మనమే చేయుచున్నాము. అట్టిచో బండి దేనిమీద నిలిచియున్నదో తెలిసికొను భారమును మనదే.

బండి నిలిచియున్నది గాలిమీద. 1845వ సంవత్సరమున రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశస్థుడు గాలి నింపిన చక్రమునకు హక్కుపత్రము పొందెను గాని, అది యంతగా వాడుకలోనికి రాలేదు. నలువది యేండ్లు గడచిన పిదప, బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్లప్, తన కుమారుని మూడుచక్రముల బండి ఎగిరెగిరి పడకుండ, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టి చూచెను. 1888లో దానికి హక్కుపత్రమును పొందెను. బిడ్డ సుఖముకొఱకు ఒక తండ్రి చేసిన యా పని నాటినుండి లోకమంతట వ్యాపించినది.

ఆ గాలి చేయు పని యెంతటిదో కొంచెము లెక్క చూడుడు. వేయి కిలోల కారు నాలుగు చక్రములమీద నిలిచినపుడు ఒక్కొక్క చక్రము రమారమి 250 కిలోలు మోయును. టైరులోని గాలి 32 పౌనుల యొత్తిడితో నున్నచో ఆ చక్రము నేలను తాకు చోటు ఇంచుమించు 110 చదరపు సెంటీమీటర్లు, అనగా మన యరచేయి యంత. నాలుగు అరచేతులంత చోటు మీద సంసార మంతయు రాజమార్గమున పరుగిడుచున్న దన్నమాట. చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని ఈ యొత్తిడిని లెక్కింతురు. యంత్రములమీద ‘పి.యస్.ఐ.’ యని కనబడునది యిదియే. కొన్నిటిమీద ‘బార్’ అని యుండును. ఒక బార్ పదునాలుగున్నర పౌనులకు సమానము.

ఏ మేకును గ్రుచ్చుకొనకున్నను, మంచి టైరునుండి కూడ మాసమునకు ఒకటి రెండు పౌనుల గాలి మెల్లగా జాఱిపోవుచుండును. చలియు గాలిని కుదించును. పది డిగ్రీల వేడి తగ్గినచో కారు టైరులో రమారమి ఒకటిన్నర పౌను తగ్గును. కావున దసరాకు ముందు సరిచూచి విడిచిన బండి, సంక్రాంతినాటి తెల్లవాఱున ఎవరును ముట్టకయే ఐదాఱు పౌనులు తక్కువ చూపుట వింత గాదు. కంటికి మాత్రము ఈ భేదము తెలియదు. 32 పౌనులు ఉండవలసిన టైరులో 26 ఉన్నను అది నిండుగనే కనబడును. కాలితో తన్ని చూచి ‘గాలి బాగుగనే యున్నది’ యని తీర్పు చెప్పు మగవారి విద్య కూడ నిచ్చట పనికిరాదు.

గాలి తగ్గిన టైరు నడచునపుడు దాని ప్రక్కగోడలు మాటిమాటికి వంగి లేచుచు వేడెక్కును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలకు చేరు దినములలో, నిండ జనముతోను సామానుతోను వేగముగ పోవుచున్నపుడు, అట్టి టైరు ప్రేలుటకు అవకాశ మెక్కువ. వేసవిలో టైరు ప్రేలినదని విన్నప్పుడు గాలి ఎక్కువగుటచేత ననియే మనవారు తలంతురు. ఆ తలంపుతో ఎండకాలమున కొందఱు గాలిని కావలెనని తగ్గించి కొట్టింతురు. ఇది కీడును కోరి తెచ్చుకొనుటయే. బండి చేసినవారు ఏర్పఱచిన యంకె వేసవికిని, చలికాలమునకును, వానకాలమునకును ఒక్కటే. దానికి తగ్గినచో అంచులు త్వరగా నరుగును. మించినచో నడుమ నరిగి, తడినేలపై పట్టు తగ్గును.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఇప్పుడు బజారున నమ్ముచున్న గాలి కొట్టు యంత్రము పెద్ద మరచెంబంత యుండును. లోపల నొక చిన్న విద్యుత్ మోటారు, అది యాడించు పిస్టను, వెలుపల నొక పొట్టి గొట్టము, అంకెలు చూపు చిన్న యద్దము. కావలసిన యంకెను ముందుగా నేర్పఱచి, గొట్టమును టైరు మూతికి బిగించి, మీట నొక్కినచో, ఆ యంకె రాగానే యంత్రము తనంత నాగిపోవును. దీనిని స్వయంచాలక మనుట యిందులకే. తగ్గిన నాలుగైదు పౌనులను కారు టైరులో నింపుటకు కొద్ది నిమిషములు పట్టును. వీనిలో రెండు తెగలు కలవు. ఒకటి కారులోని 12 వోల్టుల రంధ్రమునకు తీగతో తగిలించునది. రెండవది సెల్‌ఫోనువలె ఛార్జి చేసికొను బ్యాటరీ గలది. వెల సాధారణముగా పదిహేనువందలు మొదలు నాలుగువేల రూపాయల వఱకు కలదు. మా వారు బడిపంతులు. మావంటి జీతపు సంసారములకు ఇది ఆలోచింపకుండ వ్యయపఱచు మొత్తము గాదు.

అమ్మువారు ముందుగా చెప్పునది పెట్రోలు మిగులునని. దీనిని నమ్ముటకు ముందు పద్దు వ్రాసి చూడవలెను. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖవారి లెక్క ప్రకారము, నాలుగు టైర్లలోను సగటున ఒక పౌను తగ్గినచో, లీటరుకు నడచు దూరము నూటికి 0.2 వంతు తగ్గును. ఐదు పౌనులు తగ్గినచో నూటికి ఒక వంతు. నెలకు 40 లీటర్లు పోయించు నింట ఇది లీటరులో సగము కూడ గాదు; వెల కట్టినచో నలువది రూపాయలకు కొంచె మెక్కువ. ఏడాదికి ఐదువందలు. ఇరువదియైదువందల యంత్రము పెట్రోలు మిగులువలననే తన వెల తాను తీర్చుకొనవలె నన్నచో ఐదేండ్లు పట్టును. అప్పటికి యంత్రమే మూలబడవచ్చును. టైర్ల మాట వేఱు. చిన్న కారునకైనను నాలుగు టైర్లు మార్పించుటకు పదివేల రూపాయలు దాటును. అవి ఒక సంవత్సరము ముందుగా నరుగకుండుట నిజమైన లాభము. ఐనను ఆ లాభమును తెచ్చునది సరియైన గాలియే. ఆ గాలి పెట్రోలు బంకున నూరకే దొరకును.

మఱి బంకు చాలదా? చాలును, క్రమము తప్పక పోవువారికి. బంకులలో వాహనములకు ఉచితముగా గాలి పట్టుట చమురు కంపెనీల యేర్పాటు. కాని కొన్నిచోట్ల ఆ గాలి మిషను మాసములతరబడి మూలపడియుండుటయు, ఉన్నచోట తొందరలో నున్న కుఱ్ఱవాడు వచ్చిన బండ్ల కన్నింటికిని ఒకే యంకె కొట్టి పంపుటయు మనము చూచుచున్నదే. బంకు చేరునప్పటికి టైర్లు నడకచే వేడెక్కి, ఉన్నదానికంటె రెండు మూడు పౌనులు హెచ్చుగా చూపుననుట మఱియొక చిక్కు. సరియైన కొలత బండి నిలిపి మూడు గంటలైనను గడచిన తరువాతనే తెలియును. ఇంటి ముంగిట, ఉదయమున, ముగ్గు వేసిన తరువాత చేయదగిన పని యిది. ఇంటియందు యంత్రముండుటవలని మొదటి ప్రయోజన మిదియే.

రెండవది దారిలో పంక్చరైనపు డగు సహాయము. ఇందు ఆశ కొంత, మోసము కొంత కలదు. ట్యూబు లేని టైరులో మేకు గ్రుచ్చుకొన్నచో గాలి తఱచు మెల్లగా పోవును. అప్పుడు మేకును పెఱుకక, గాలి నింపి, మెల్లగా పంక్చరు దుకాణము వఱకు పోవచ్చును. మా వారి బడిలోని యుపాధ్యాయిని యొకామె దినమునకు ఇరువది కిలోమీటర్లు స్కూటరుమీద పల్లెకు పోయి వచ్చుచున్నది. ఒక సాయంకాలము బడి విడిచినప్పుడు వెనుక టైరు నేలకంటుకొని యుండెను. చుట్టుప్రక్కల ఆఱు కిలోమీటర్లలో దుకాణము లేదు. ఆమె యొద్దనున్న చిన్న యంత్రముతో గాలి నింపుకొని, దారిలో మఱియొకమారు నిలిపి నింపి, చీకటి పడకుండ దుకాణము చేరెను. అదే ట్యూబు గల టైరైనచో రంధ్రము పడగానే గాలి యంతయు పోవును. జల్లెడలో నీరు పోసినట్లు ఎంత కొట్టినను నిలువదు. టైరు ప్రక్కగోడ చీలినను, చక్రపు టంచు వంగినను అంతియే. కావున కొనుటకు ముందే తన బండి టైరు ట్యూబు గలదియో లేనిదియో తెలిసికొనవలెను. లేనిదని టైరు ప్రక్కనే వ్రాసియుండును.

ఇచ్చట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. 2019వ సంవత్సరము నవంబరు 27వ తేది రాత్రి హైదరాబాదు చెంత శంషాబాదు టోలుగేటు నొద్ద జరిగిన ఘోరమును తెలుగువా రెవ్వరును మఱువలేదు. ఒక యువ పశువైద్యురాలు నిలిపి పోయిన స్కూటరు టైరునుండి దుర్మార్గులే గాలి తీసి, తరువాత సహాయము చేయువారివలె దరిచేరి రని పోలీసులు తెల్పిరి. పిదప జరిగినది వ్రాయుటకు చేయి రాదు. చేత నొక యంత్రమున్నచో ఆ తల్లి బ్రదికెడి దని చెప్పుట అవివేకము. అది యామె మీదనే తప్పు మోపుట యగును. తప్పు చేసినవారిదే. ఆ దుఃఖమునుండి మనము నేర్వవలసినది వేఱు. రాత్రివేళ గాలి పోయిన బండివద్ద ఒంటరిగా నున్న స్త్రీ ముందుగా చేయవలసినది గాలి కొట్టుట గాదు. వెలుతురును జనమును గల చోటికి చేరవలెను. ఇంటివారికి తా నున్న తావు తెలుపవలెను. 112 నంబరునకు ఫోను చేయవలెను. జాతీయ రహదారి మీదనైనచో 1033 నంబరునకు చేసినను సహాయము వచ్చును. కారైనచో తలుపులు బిగించుకొని, టైరు పాడైనను సరే, మెల్లగా వెలుతురున్న చోటి వఱకు నడపవలెను. టైరునకు వెల కలదు, మనకు లేదు. యంత్రమును వెలుపలికి తీయుట ఆ తరువాతి పని. చేత యంత్రమున్నదను ధైర్యముతో చీకటిలో వంగి కూర్చుండు స్త్రీకి అది యుపకారము కంటె నపకారమే యధికముగా చేయును.

కొనదలచినవారు తీగ గలదానిని కొనవలెనా, బ్యాటరీ గలదానినా? కారు మాత్రమే యున్న యింటికి తీగ గలదియే మేలు. కారు పనిచేయుచున్నంత కాలము అదియు పనిచేయును. బ్యాటరీ గలది చేతికి సులభము, స్కూటరునకు తగినది. కాని వాడకున్నను దాని ఛార్జి మెల్లగా తఱిగిపోవును. రెండు నెలల కొకమారైనను ఛార్జి చేయనిచో, అవసరమైన నాడు ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లగును. మఱియు లిథియం బ్యాటరీకి వేడిమి పగ. వైశాఖమాసపు టెండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలను దాటవచ్చును. అట్టి కారులో దానిని దినముల తరబడి విడువరాదు. ఇంటిలోనికి తెచ్చి యుంచవలెను.

కొనుటకు ముందు మీ కారు డిక్కీలోని చాపను ఒక్కమా రెత్తి చూడుడు. ట్యూబు లేని టైర్లును, గాలి యొత్తిడిని తెల్పు సాధనమును, పంక్చరు సరిచేయు సామగ్రియు గల చిన్న వాహనములలో అదనపు చక్రము లేకున్నను చెల్లునని కేంద్ర ప్రభుత్వమువారు 2020లో నియమములను సవరించిరి. అందుచేత కొన్ని కార్లలో స్టెప్నీకి బదులుగా గాలి యంత్రమునే కంపెనీవా రుంచుదురు. ఉన్నదానిని మఱల కొనుట యేల? నిజముగా లేనియెడల, స్టెప్నీ లేని కారునకు ఇది వేడుక వస్తువు గాదు, తప్పక యుండవలసినదే.

యంత్రమును వాడుటలో కొన్ని జాగ్రత్తలు కలవు. ఎంత కొట్టవలెనో డ్రైవరు తలుపు తెఱచినచో ప్రక్క స్తంభముమీద నంటించిన చీటి తెల్పును. స్కూటరునకు దానితో నిచ్చిన పుస్తకము తెల్పును. ముందు చక్రమునకును వెనుక చక్రమునకును, ఒక్కరు పోవునపుడును వెనుక నొకరిని కూర్చుండబెట్టుకొనునపుడును అంకెలు వేఱుగా నుండును. టైరు ప్రక్కగోడమీద నచ్చొత్తిన పెద్ద యంకె దాని హద్దు మాత్రమే, అంత కొట్టరాదు. దూరము నడచి వచ్చిన టైరు హెచ్చుగా చూపినదని గాలి తీయరాదు; చల్లారినపు డది తగ్గిపోవును. తీగ గలదానిని వాడునపుడు ఇంజను నడపుచుండుట మంచిది గాని, మూసిన షెడ్డులో నడుపరాదు. ఆ పొగ ప్రాణములు తీయును. పది నిమిషములు నడచిన పిదప యంత్రమునకు విశ్రాంతి యీయవలెను. గొట్టపు కొన కాలుచుండును గావున గుడ్డతో పట్టుకొనవలెను.

పిల్లలున్న యింట మఱింత జాగ్రత్త. గాలి గొట్టమును చెవికిని, నోటికిని, ఒంటికిని పెట్టి యాడుకొనుట ప్రాణాపాయము. బంతులకు గాలి కొట్టు సూదియు యంత్రముతో వచ్చును. కాలిబంతికి 9 మొదలు 15 పౌనులు చాలును. కారు అంకెను మార్పకుండ మీట నొక్కినచో బంతి ముఖముమీదనే ప్రేలవచ్చును. మన యూళ్ల సైకిళ్లకు చాలవఱకు డన్లప్ పేరిట పిలువబడు పాతరకపు మూతి యుండును. గాలి దానిలోనికి పోవునే గాని, వెనుకకు వచ్చి తన యొత్తిడిని యంత్రమునకు తెలుపదు. కావున అచ్చట యంత్రము చూపు నంకెను నమ్మరాదు. సైకిలునకు చేతిపంపే చాలును.

ఇన్నియు విచారించి నా యభిప్రాయమును తెల్పుచున్నాను. సైకిలు మాత్రమే యున్న యింటికి ఈ యంత్ర మక్కఱలేదు. ఊరిలోనే తిరుగు స్కూటరునకు, సందు మలుపున పంక్చరు దుకాణ మున్నచో, రెండు మూడు వందల రూపాయల గాలి కొలబద్దయు, కావలెనన్న కాలితో త్రొక్కు పంపును చాలును. కారు గలవారును, పల్లెలకు దూరము పోవు నుపాధ్యాయినులును, రాత్రి కొలువులు చేయు నర్సులును ఈ యంత్రమును కొనుట సార్థకము. ఎవరేమి కొన్నను కొనకున్నను, కొలబద్ద మాత్రము ప్రతి బండికిని నొకటి యుండవలెను. అది లేని యంత్రము కొలత లేని వంటవంటిది. యంత్రపు అంకె సరియైనదో కాదో చూచుటకైనను అది కావలెను.

సోదరీమణులారా! వస్తువును కొనుట సులభము, వాడుకను నిలుపుట కష్టము. ఎన్ని యిండ్లలో కొన్న యంత్రము పెట్టెలోనే నిద్రించుచున్నది! నెల కొకమారు అన్న నియమము మనస్సున నిలువనిచో నొక యుపాయము చెప్పెదను. ఈ పత్రిక మీ యింటికి నెల కొకమారు వచ్చును గదా! అది వచ్చిన మఱునాటి యుదయమున, బండి తీయకముందే, నాలుగు చక్రములకును కొలబద్ద పెట్టి చూడుడు. పది నిమిషముల పని. ఆడపిల్లలను ప్రక్కన నిలుపుకొని చేయుడు. అంకెలు వారిచేత చదివించి, వంటింటి పంచాంగపు టంచున వ్రాయించుడు. రెండు నెలలలో ఒక చక్రము తక్కినవానికంటె త్వరగా తగ్గుచున్నదని ఆ యంకెలే చెప్పును. మేకు ఎక్కడనో దాగియున్నదని దారిలో గాక ముంగిటనే తెలియును.